పదునారేండ్ల మౌనము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మన ఊళ్లలో తరచుగా వినవచ్చునది కాదు. ఇంగ్లండు దేశమున ఒక గాయకబృందము పదునారు సంవత్సరములు క్రొత్త పాటల సంపుటమేదియు వెలువరింపక యుండి, 2024వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఎనిమిది పాటలతో మరల లోకము ముందునకు వచ్చినది. ఆ బృందము పేరు ‘ది క్యూర్’. చికిత్స యని అర్థము. సంపుటము పేరు ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’; పోయిన లోకపు పాటలని అర్థము. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన నాకు ఈ పాటలతో పనియేమని మీరడుగవచ్చును. మా మనుమడు వినిపింపగా మొదట నాకును గోలగానే తోచినది. రెండవమారు విని, పాటల భావమును వానిచేత చెప్పించుకొనిన పిదప, ఇది మన యీడువారికి సంబంధించిన సంగతియే యని తెలిసికొంటిని.

ముందుగా ఈ సంగీతమెట్టిదో చెప్పెదను. విద్యుచ్ఛక్తిచే ధ్వని పెంచబడిన గిటారు, మంద్రస్వరమున పలుకు బేసు గిటారు, డ్రమ్ములు, హార్మోనియమువలె మెట్లుగల కీబోర్డు – ఇవి దీని అంగములు. దీనిని ‘రాక్’ సంగీతమందురు. అందులో అంగడిలో చెల్లుబాటగు ధోరణిని అనుసరింపక, తమకు తోచిన రీతిని పాడుకొనువారి సంగీతమునకు ‘ఆల్టర్నేటివ్ రాక్’ అని పేరు. రాచబాట విడిచి కాలిబాట పట్టినవారి పాట యని మనము చెప్పుకొనవచ్చును.

అట్టివారిలో ఈ ‘క్యూర్’ బృందము మొదటితరమునకు చెందినది. ససెక్స్ ప్రాంతమున క్రాలీ యను పట్టణములో బడిపిల్లలుగా కలిసినవారు దీనిని స్థాపించిరి. నాయకుడు రాబర్ట్ స్మిత్, జననము 1959. వీరి మొదటి సంపుటము 1979లో వెలువడినది. 1989 నాటి ‘డిసింటిగ్రేషన్’ వీరికి మిక్కిలి కీర్తి తెచ్చినది. 1992 నాటి ‘విష్’ బ్రిటనులో అమ్మకములయందు ప్రథమస్థానము పొందినది. 2008లో మరియొక సంపుటము వచ్చినది. అటుపిమ్మట మౌనము.

మౌనమన్నంతనే బృందము చెదరినదని తలపరాదు. కచేరీలు చేయుచునే యుండిరి. ప్రజలు పాత పాటలు కోరుచునే యుండిరి. క్రొత్త సంపుటము వచ్చుచున్నదని 2019లోనే స్మిత్ ప్రకటించెను. అయినను ఏండ్లు గడచినవి. 2022 అక్టోబరులో లాట్వియా దేశపు రీగా నగరమున ఆరంభించిన యాత్రలో క్రొత్త పాటలు కొన్నింటిని సభలలో పాడి, రెండేండ్లకు గాని సంపుటముగా వెలువరింపలేదు. ముందు సభలో చెప్పి పిదప గ్రంథస్థము చేయుట మన అవధానులెరిగిన పద్ధతియే.

ఈ నడుమ ఆయన తల్లిని, తండ్రిని, అన్నను పోగొట్టుకొనెను. సంపుటము వెలువడునాటికి ఆయనకు అరువదియైదేండ్లు. ఎనిమిది పాటలును ఆయన రచనలే. వానిలో మూడింటిని గూర్చి చెప్పెదను.

మొదటిది ‘అలోన్’, ఒంటరి యని అర్థము. పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లకవి ఎర్నెస్ట్ డౌసన్ రచించిన ఒక పద్యము దీనికి ప్రేరణ. ఇందు మూడు నిమిషములకు పైగా వాద్యములే మ్రోగును. తరువాతనే గొంతు వినబడును. కీర్తనకు ముందు రాగాలాపన యెట్లో ఇదియు అట్టిదే. వినువాని మనస్సును ఆ భావమునకు సిద్ధము చేయుట దీని ప్రయోజనము.

రెండవది అన్న మరణమును గూర్చినది. దాని పేరునకు ‘వీడుకోలు చెప్పనే లేను’ అని అర్థము. ఇందు అలంకారములు తక్కువ, మాటలు సాదా. శోకము శోకముగానే యున్నంతవరకు అది మనస్సును కాల్చును. రూపము కట్టినపుడు రసమగునని మన ఆలంకారికులు నిర్ణయించిరి. క్రౌంచపక్షిని చూచి వాల్మీకి పొందిన శోకము శ్లోకమైన కథ మీరెరిగినదే.

మూడవది చివరిపాట, ‘ఎండ్‌సాంగ్’. ఇది పది నిమిషములకు పైబడినది. ఆరు నిమిషములు దాటినగాని గానము మొదలు కాదు. 1969లో మానవులు చంద్రునిపై అడుగిడిననాడు స్మిత్ పదేండ్ల బాలుడు. తండ్రితోకూడ పెరటిలో నిలిచి చంద్రుని చూచెను. ఏబదియేండ్ల పిదప, 2019 జూలైలో, మరల చంద్రుని చూచినపుడు ఆ రాత్రి జ్ఞప్తికి వచ్చి ఈ పాట పుట్టినది. చంద్రుడు అక్కడనే యున్నాడు. ఆ బాలుడును, ఆనాటి లోకమును లేవు. సంపుటము పేరునకు అర్థము నాకిచ్చట బోధపడినది.

వయస్సు మీరిన కళాకారుడు మరల వచ్చునపుడు రెండు ఆపదలు కలవు. పడుచువానివలె నటించుట యొకటి; పాత పాటనే మరల అప్పగించుట రెండవది. ఈయన రెంటికిని లోబడలేదు. ముసలితనమును ముసలితనముగానే పాడెను. జనులు త్రోసిపుచ్చిరా? లేదు. ‘విష్’ తరువాత ముప్పదిరెండేండ్లకు మరల ఈ సంపుటమే బ్రిటనులో ప్రథమస్థానము పొందినది.

లోపము లేదా యన్నచో, నా దృష్టిలో కలదు. ఈ పాటలు దుఃఖమును చూపునేగాని దాటించవు. శాంతరసమునకు అలవడిన మన చెవులకు చివర ఏదో కొరతగా నుండును. కాని ఒక్క మాట దాచలేను. నా తమ్ముడు గతించిననాడు, పదిమందికి గీతార్థము చెప్పిన నేను మరదలికి ఒక్క ఓదార్పుమాటయైనను చెప్పలేకపోతిని. తరువాత ఏండ్లు గడచినను వాని పేరు ఇంట ఎత్తలేదు, అదియే ధైర్యమనుకొంటిని. ఈ రెండవ పాట విన్న రాత్రి మా మనుమనికి వాని చిన్నతాతను గూర్చి మొదటిసారి చెప్పితిని. వాడు తెల్లవారువరకు అడుగుచునే యుండెను. వానికి అంతవరకు ఆయన గోడమీది పటము మాత్రమే.

పెద్దలారా, మనలో ననేకులము మన పోయిన లోకమును మనస్సులోనే మూట కట్టి పెట్టుకొనియున్నాము. వినువారు లేరని అనుకొందుము. పదునారేండ్లు జాగైనను వినువారుండిరని ఈ ఇంగ్లీషు పాటగాడు మనకు చూపినాడు. పాట రానివారము మాటగానైనను చెప్పుదము. ఇంట పిల్లలున్నారు, వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు.