టమోటాకు తడి ఎప్పుడివ్వాలో మట్టే చెబుతుందా..? మదనపల్లె, పుంగనూరు, కుప్పం రైతులకు సెన్సర్లు ఎంతవరకు పనికొస్తాయంటే..

మదనపల్లె మార్కెట్‌లో టమోటా ధర రేపు ఎంతుంటుందో చెప్పగలిగే మొనగాడు లేడు. 2023 జులైలో కిలో వంద దాటి పరుగులు పెట్టిన ఇదే టమోటాను, ధర లేనప్పుడు రోడ్డు పక్కన పారబోయడమూ చూశాం. ధర రైతు చేతిలో లేదు. తోటకు నీళ్లు ఎప్పుడు వదలాలి, మందు ఎప్పుడు కొట్టాలి అన్నది మాత్రం రైతు చేతిలోనే ఉంది. వైర్‌లెస్ సెన్సర్లు సాయం చేసేది సరిగ్గా ఈ రెండు విషయాల్లోనే.

ఇంతకీ ఇవి ఎలా పనిచేస్తాయి? మొక్కల వేళ్లుండే లోతులో ఒక చిన్న సెన్సర్ పాతుతారు. అది మట్టిలో తేమ ఎంతుందో కొలుస్తుంది. పైన కర్రకు కట్టిన పెట్టెలో బ్యాటరీ, చిన్న సోలార్ ప్యానెల్, రేడియో ఉంటాయి. దీన్నే నోడ్ అంటారు. ఒక నోడ్ తన రీడింగ్‌ను పక్క నోడ్‌కు, అది ఇంకోదానికి.. ఇలా చేతులు మారి గట్టు మీదున్న గేట్‌వేకు చేరుతుంది. అక్కడి నుంచి సిమ్ కార్డు ద్వారా మీ ఫోన్‌కు వస్తుంది. వైర్లు లాగే పని లేదు, దున్నేటప్పుడు తెగుతాయన్న భయం లేదు.

ఈ ప్రాంతంలో దీని అవసరం ఏంటంటే.. ఇక్కడ ఎక్కువగా ఎర్ర నేలలు. నీళ్లు ఎక్కువసేపు నిలుపుకోవు. టమోటాకు బోరే దిక్కు, ఆ బోర్లేమో ఏటికేడు లోతుకు పోతున్నాయి. పైగా టమోటా మహా సున్నితం. నాలుగు రోజులు ఎండబెట్టి ఒక్కసారి నీళ్లు వదిలితే కాయ పగులుతుంది. తడి హెచ్చుతగ్గులైతే మొక్కకు కాల్షియం సరిగ్గా అందక కాయ అడుగున నల్లగా కుళ్లు పడుతుంది. మార్కెట్‌లో అలాంటి కాయను పక్కన పడేస్తారు. పైమట్టి ఎండినట్టు కనిపించినా అడుగున తడి ఉండొచ్చు. కంటికి కనిపించని ఆ తేడానే సెన్సర్ చూపిస్తుంది.

తెగుళ్ల విషయమూ అంతే. ఆకు మీద తడి కొన్ని గంటలు నిలిస్తేనే ఆకుమాడు తెగులు అంటుకుంటుంది. రాత్రంతా ఆకు ఎంతసేపు తడిగా ఉందో కొలిచే సెన్సర్లు ఉన్నాయి. తడి నిలవని రోజుల్లో మందు ఖర్చు మిగిలినట్టే.

ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కాదు. మన సరిహద్దు పక్కనే, తెలుగు బాగా వినిపించే కర్ణాటకలోని పావగడ తాలూకా చెన్నకేశవపురలో 2004లోనే ఈ ప్రయోగం మొదలైంది. బెంగళూరు ఐఐఎస్సీ, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ కలిసి 'కామన్‌సెన్స్ నెట్' పేరుతో సన్నకారు రైతుల కోసం చేపట్టాయి. అక్కడ వర్షాధార వేరుశనగే ప్రధానం. చిక్కు కూడా అక్కడే. మట్టి ఎండిందని సెన్సర్ చెబుతుంది సరే.. పెట్టడానికి నీళ్లేవి? ఆకాశం వైపు చూడటం తప్ప రైతు చేయగలిగింది తక్కువ. రీడింగ్ చూసి వెంటనే ఏదో ఒకటి చేయగలిగినప్పుడే దానికి విలువ. ఆ లెక్కన బోరు, డ్రిప్ రెండూ ఉన్న మదనపల్లె, పుంగనూరు టమోటా తోటలకే ఇది ఎక్కువ నప్పుతుంది. వర్షం మీద వేసే వేరుశనగకు కొనమని మాత్రం చెప్పలేం.

వేరుశనగకు ఉపయోగం వేరే రకంగా ఉంది. 2009-10 ప్రాంతంలో ఐఐటీ బాంబే, ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో వేరుశనగ మడుల్లో సెన్సర్లు పెట్టి, తామర పురుగులు, ఆకుమచ్చ తెగులు ఎప్పుడొస్తాయో ముందే అంచనా వేసే పని చేశాయి. ఇలాంటి హెచ్చరిక ఒక్కో రైతుకు విడివిడిగా అక్కర్లేదు, ఊరంతటికీ ఒకటి వస్తే చాలు.

టెక్నాలజీ పేరు వినడం కుప్పానికి అసలు కొత్తే కాదు. 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతి డ్రిప్ సాగు ఇక్కడ పెట్టారు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ప్రభుత్వంతో కలిసి 'ఐ-కమ్యూనిటీ' ప్రాజెక్టు తెచ్చింది. కాబట్టి సెన్సర్లు అమ్మేవాళ్లు వస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న.. స్కీమ్ అయిపోయాక బ్యాటరీ ఎవరు మారుస్తారు? యాప్‌కు ఏటా డబ్బులు కట్టాలా అన్నది రెండోది.

ఇంకో తలనొప్పి ఉంది. వ్యవసాయ కరెంటు ఉండేదే కొన్ని గంటలు. అందుకే చాలామంది మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టేస్తారు. కరెంటొస్తే మోటారు దానంతటదే ఆడుతుంది, సెన్సర్ చాలు చాలని మొత్తుకున్నా వినేవాళ్లుండరు! కనీసం డ్రిప్ వాల్వ్‌నైనా దాంతో కలపకపోతే పెట్టిన డబ్బు దండగ.

కొనాలనుకుంటే ఇవి చూసుకోండి. సెన్సర్‌ను మన ఎర్రమట్టికి సరిచేయించాలి, నల్లరేగడి లెక్కలు ఇక్కడ పనికిరావు. గుట్టలు అడ్డొచ్చినా, తోట దట్టంగా పెరిగినా సిగ్నల్ తగ్గుతుంది. అందుకే మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు కాదు, కాపు మీదున్నప్పుడు టెస్ట్ చేయించండి. సెన్సర్‌ను గట్టు మీద కాకుండా డ్రిప్ నీళ్లు పడే చోటికి జానెడు దూరంలో పాతాలి. పక్కపక్క తోటల రైతులు ముగ్గురు నలుగురు కలిస్తే ఒకే గేట్‌వే సరిపోతుంది. సెన్సర్ ఎంత చూపిస్తే తడి ఇవ్వాలన్నది మాత్రం అమ్మేవాళ్లను కాదు, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే మేలు.