లండను వీథులు, న్యూయార్కు వీథులు

1931వ సంవత్సరము డిసెంబరు నెలలో నొక రాత్రి విన్‌స్టన్ చర్చిల్ న్యూయార్కు నగరమున ఒక మిత్రుని యిల్లు వెదకుచు టాక్సీలో తిరుగుచుండెను. ఇంటి నెంబరు ఆయనకు సరిగా జ్ఞాపకము లేదు. తుదకు ఐదవ అవెన్యూలో బండి దిగి వీథి దాటుచు, లండను అలవాటు చొప్పున ఒక దిక్కు చూచెను. రెండవ దిక్కునుండి వచ్చిన కారు ఆయనను పడద్రోసెను. గాయములతో ఆసుపత్రి పాలైన చర్చిల్, తప్పు తనదేయని పిమ్మట ఒప్పుకొనెను. ఇంగ్లండులో బండ్లు వీథికి ఎడమప్రక్కను, అమెరికాలో కుడిప్రక్కను నడచును. ఆయన తల్లి అమెరికా దేశస్థురాలే. ఆ నగరము ఆయనకు క్రొత్తదియు గాదు. కన్నులు మాత్రము లండను కన్నులుగానే యుండెను.

లండను నుండి న్యూయార్కునకు పోయినవారిని మొట్టమొదట ఆశ్చర్యపరచునది వీథుల తిన్నదనము. ఆ నగరమునకు గుండెకాయ వంటిది మన్‌హాటన్ ద్వీపము. 1811లో మువ్వురు సభ్యుల సంఘమొకటి దానికి పటము గీసినది. నిలువున 12 అవెన్యూలు, అడ్డముగా 155 వీథులు; దాదాపు అన్నిటికిని వరుస సంఖ్యలే పేర్లు. అప్పటికి అక్కడ నున్నవి చాలవరకు పొలములు, గుట్టలు, చెలమలు. గుట్టలను త్రవ్వి, పల్లములను పూడ్చి, కాగితముపై గీసిన గీతలను నేలపై నిలిపిరి. 34వ వీథిలో నున్నవాడు 42వ వీథికి పోవలెనన్న ఎవరిని అడుగ నక్కరలేదు. ఉత్తరముగా ఎనిమిది వీథులు దాటిన చాలును.

లండను వీథులు వంకరలు తిరుగుచు, నడుమ నడుమ పేరు మార్చుకొనుచు పోవును. అందుచే అక్కడ టాక్సీ నడుపగోరువాడు ఛేరింగ్ క్రాస్ చుట్టును ఆరు మైళ్ల లోపల నున్న దాదాపు 25,000 వీథులను కంఠస్థము చేసి పరీక్ష నీయవలెను. దీనికి మూడు నాలుగేండ్లు పట్టుట సాధారణము.

లండనునకును తిన్నని వీథులు ఏర్పడు సమయ మొకటి వచ్చినది. 1666 సెప్టెంబరులో ఒక రొట్టెల దుకాణమున పుట్టిన నిప్పు నాలుగు దినములు మండి, 13,000 పైగా ఇండ్లను కాల్చివైచినది. మంటలు చల్లారిన కొలది దినములకే క్రిస్టఫర్ రెన్ అను వాస్తుశిల్పి వెడల్పైన వీథులతో క్రొత్త పటము గీసి రాజునకు సమర్పించెను. కాని ఇల్లు కాలినను స్థలము ఎవరిది వారిదే గదా! నిలువ నీడలేని జనులు తగవులన్నియు తీరువరకు ఆగగలరా? ఇండ్లను ఇటుకతోను రాతితోను కట్టవలెనను నిబంధన వచ్చినది. కొన్ని వీథులు వెడల్పైనవి. తక్కినవి పాతదారులలోనే నిలిచినవి. న్యూయార్కు పటము గీచినవారికి ఎదురైనవి పొలములు. రెన్‌కు ఎదురైనవారు వేలకొలది హక్కుదారులు.

రెండవ వింత మేడల ఎత్తు. పూర్వము మేడ యెత్తు మనుష్యుడు ఎక్కగల మెట్లను బట్టి యుండెడిది. 1854లో ఎలీషా ఓటిస్ న్యూయార్కు ప్రదర్శనశాలలో లిఫ్టుపై నిలిచి, దానిని మోయు త్రాటిని అందరి యెదుట నరికించెను. లిఫ్టు క్రింద పడలేదు. ఆ నమ్మకమునకు ఉక్కు చట్రము తోడు కాగా మేడలు ఆకాశమున కెగసినవి. 1931లో పూర్తియైన ఎంపైర్ స్టేట్ భవనమునకు 102 అంతస్తులు. లండనులో 1894 నాటి చట్టము సాధారణముగా 80 అడుగులకు మించి గోడ లేపనీయలేదు. అందుచే 365 అడుగుల సెయింట్ పాల్ దేవాలయము చిరకాలము ఆ నగరమునకు శిఖరముగా నుండెను. ఇప్పుడా హద్దు లేదు. 2012లో వెలసిన షార్డ్ భవనము వేయి అడుగులు దాటినది.

న్యూయార్కు తన యెత్తునకు మూల్యము చెల్లింపకపోలేదు. 1915లో లేచిన ఈక్విటబుల్ భవనము ప్రక్కవీథులను చీకటి చేయగా, పై అంతస్తులను వెనుకకు జరిపి కట్టవలెనని మరుసటి యేటనే శాసనము చేసిరి. అచటి పాతమేడలు మెట్లు మెట్లుగా కనబడుటకు కారణమిదియే.

ఐనను ఆ వీథులలోనికి సూర్యుడు నేరుగా తొంగిచూచు దినములు లేకపోలేదు. మే నెల చివర నొకసారి, జూలై నడుమ నొకసారి అస్తమించు సూర్యబింబము అడ్డవీథుల కొసన సరిగా నిలుచును. ఆ సాయంకాలము 42వ వీథిలో జనులు, కుడియెడమల వచ్చు బండ్లను సైతము లెక్కింపక, నడివీథికి వచ్చి పడమరకు తిరిగి నిలుతురు.