బెల్టు కింద ఏముంది?

ఇంట్లో ట్రెడ్‌మిల్ ఉంటే దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారనే జోక్ అందరికీ తెలిసిందే. మా ఇంట్లో మాత్రం అది రోజూ నడుస్తుంది. నాన్నకి షుగర్, రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు డాక్టర్. మే నెల విజయవాడ ఎండలో ఏడు దాటాక రోడ్డు మీద నడక అయ్యే పని కాదు. మెషీన్ ఆగిందంటే ఆయన నడక కూడా ఆగినట్టే. అందుకే దాని మాన్యువల్ మొత్తం చదివాను. ఇంట్లో ఇంకెవరూ చదవరు మరి.

అందులో చాలా చెప్పారు కానీ, నా లెక్కలో అసలైంది ఒక్కటే: బెల్టుకీ, దాని కింది పలకకీ మధ్య రాపిడి. (పుస్తకాల్లో ఘర్షణ అంటారు. నాకు రాపిడే బాగుంది, వినగానే అర్థమైపోతుంది.)

ఆ పలకని డెక్ అంటారు. చాలా మెషీన్లలో అది ఎమ్‌డీఎఫ్ చెక్క, పైన నున్నటి పూత ఉంటుంది. మనం అడుగు వేసిన ప్రతిసారీ మన బరువు బెల్టుని ఆ పలకకి అదుముతుంది. మోటారు ఆ బరువుతో సహా బెల్టుని లాగాలి. మధ్యలో పల్చగా సిలికాన్ ఆయిల్ ఉంటే బెల్టు జారుతుంది. ఆరిపోతే పట్టేస్తుంది.

పట్టేస్తే మనకి వెంటనే తెలియాలి కదా? తెలియదు. డీసీ మోటారు ఎక్కువ బలంగా లాగాలంటే ఎక్కువ కరెంటు కావాలి. కంట్రోలర్ బోర్డు పని మనం పెట్టిన స్పీడుని నిలబెట్టడం. రాపిడి వల్ల స్పీడు తగ్గబోతే అది ఇంకాస్త కరెంటు పంపి సర్దేస్తుంది. స్క్రీన్ మీద 5 అలాగే ఉంటుంది. లోపల మోటారు, బోర్డు మీది ట్రాన్సిస్టర్లు కాలుతూ ఉంటాయి. ఎర్రర్‌ని పట్టుకుని ఎవరికీ చెప్పకుండా మింగేసే కోడ్ రాస్తాం చూడండి, అచ్చం అదే. చివరికి ఒకరోజు బోర్డు పోతుంది. మా పై ఫ్లోర్ అంకుల్ వాళ్ళింట్లో బోర్డు మార్చారు, బెల్టు సంగతి మాత్రం ఎవరూ చూడలేదు. కొత్త బోర్డు కూడా ఎంతోకాలం ఆగలేదు.

చూసుకోవడం తేలిక. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, బెల్టు అంచు ఎత్తి చెయ్యి మధ్య దాకా పోనివ్వండి. వేళ్ళకి జిడ్డుగా తగిలితే సరే. పొడిగా ఉంటే ఆయిల్ వెయ్యాలి. పాదాలు పడే మధ్య భాగంలో వెయ్యాలి, అంచుల్లో కాదు. ఎంత వెయ్యాలో మాన్యువల్ చెప్తుంది. ఎక్కువ వేస్తే దుమ్ము అంటుకుంటుంది, అంతే. తర్వాత మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా నడిస్తే అంతా పరుచుకుంటుంది. మూడు నెలలకోసారి అని చాలా మాన్యువల్స్‌లో ఉంటుంది కానీ, రోజూ వాడేవాళ్ళు నెలకోసారి చెయ్యి పెట్టి చూడటం మంచిది. కొన్ని మెషీన్ల డెక్‌కి ముందే మైనం పూత ఉంటుంది. వాటికి ఆయిల్ వెయ్యకూడదు.

"కొబ్బరినూనె చాలదేంట్రా?" అంది అమ్మ. చాలదు. చలికాలంలో అది గడ్డకడుతుంది. కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే కూడా వద్దు, అవి బెల్టుని పాడుచేస్తాయి. ట్రెడ్‌మిల్ కోసమే అమ్మే సిలికాన్ ఆయిలే కావాలి.

ఇంకోటి. బెల్టు కాలి కింద కుదుపుగా ఆగి కదులుతుంటే చాలామంది వెంటనే బిగిస్తారు. ఆ కుదుపు పొడిబారినందుకైతే, బిగించడం వల్ల మోటారు మీద, రోలర్ బేరింగుల మీద భారం ఇంకా పెరుగుతుంది. ముందు ఆయిల్ చూడండి, తర్వాతే బిగువు. మధ్యలో ఎత్తితే అంచు రెండు మూడు అంగుళాలు లేవాలి. బెల్టు పక్కకి పోతుంటే వెనక రోలర్ బోల్టులున్నాయి. కుడికి పోతే కుడి బోల్టుని అలెన్ కీతో గడియారం దిశలో పావు చుట్టు తిప్పి, ఖాళీగా నెమ్మదిగా నడిపి చూడాలి. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పితే ఎక్కడ మొదలుపెట్టామో కూడా మర్చిపోతాం.

బయట తిరిగిన బూట్లతో ఎక్కొద్దు. ఇసుక బెల్టు కిందకి చేరితే డెక్ పూతని గరుకు కాగితంలా గీకేస్తుంది. బాల్కనీలో పెట్టొద్దు, వానతడికి ఎమ్‌డీఎఫ్ ఉబ్బుతుంది. ప్లగ్ 16 ఆంపియర్ల సాకెట్‌లోకే, ఎర్తింగ్ ఉన్నదానికే. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. మోటారు మూత తీసి దుమ్ము దులపాలనుకుంటే ప్లగ్ తీసి కాసేపు ఆగండి, బోర్డు మీద చెయ్యి పెట్టకండి. కెపాసిటర్లలో చార్జి ఇంకా ఉండొచ్చు.

చిన్నపిల్లలున్న ఇంట్లో వాడకం అవగానే ఎర్ర సేఫ్టీ కీ తీసేయాలి. తిరిగే బెల్టుకీ వెనక రోలర్‌కీ మధ్య చిన్న చెయ్యి ఇట్టే ఇరుక్కుంటుంది. మా అక్క కూతురికి మూడేళ్ళు, బటన్ కనిపిస్తే నొక్కకుండా ఉండదు. అది వచ్చినన్నాళ్ళూ మా కీ ఫ్రిజ్ మీద ఉంటుంది, ప్లగ్ గోడకి ఉండదు.