ముక్కు చూపిన దారి

సెలవు దొరికితే పెంపుడు కుక్కను కారెక్కించుకుని కొండలకో, చెరువు గట్టుకో, సముద్రం ఒడ్డుకో బయల్దేరే కుటుంబాలు మన ఊళ్లలో ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఫొటోలన్నిట్లో మనతోపాటు అదీ ఉంటుంది. ఆ రోజంతా అది చూసిందేమిటి, విన్నదేమిటి, పడిన ఇబ్బందేమిటి? కాసేపు దాని ఎత్తుకు వంగి చూద్దాం.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలెక్కినవాళ్లు లోయ కనిపించగానే ఆగిపోతారు. కింద చెట్లు, దూరంగా పొలాలు, కనుచూపు మేర పచ్చదనం. సెల్ఫీలు మొదలవుతాయి. అప్పుడు పక్కనున్న కుక్కను గమనించండి. అది లోయకేసి చూడదు. తల దించుకుని, రాయి పక్కన గడ్డిలో ఏదో వెతుకుతూ ఉంటుంది. ఇంత దూరం తీసుకొస్తే దీనికి అందమే పట్టదే అనిపిస్తుంది మనకు.

అసలు ఆ లోయ దానికి మనకు కనిపించినట్టు కనిపించదు. మనం 75 అడుగుల దూరం నుంచి పోల్చుకోగలిగే వస్తువును పోల్చుకోవాలంటే కుక్క దాదాపు 20 అడుగుల దగ్గరికి రావాలి. రంగులూ తక్కువే. దాని కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1989లో ప్రయోగాలతో చూపించారు. ఎరుపు, ఆకుపచ్చ దానికి వేర్వేరు రంగులు కావు. అందుకే పచ్చగడ్డిలోకి విసిరిన ఎర్ర బంతి కోసం అది తడుముకుంటుంది, నీలం బంతయితే టక్కున పట్టేస్తుంది. మసక వెలుతురులో మాత్రం మనకంటే బాగా చూస్తుంది. చిన్న కదలికనైనా ఇట్టే పసిగడుతుంది. పొదలో ఉడుత కదిలితే మనకన్నా ముందు దాని చెవులు నిక్కబొడుచుకునేది అందుకే.

ముక్కే ముందు

మా ఇంట్లో మల్లి అని గోధుమరంగు దేశవాళీ కుక్క ఉంది. ఓసారి అనంతగిరి కాలిబాట మీద పుట్టమన్ను కనిపించేసరికి దాని దగ్గర బిగుసుకుపోయింది. "ఏముందే అక్కడ? పద పద!" అని నేను లీష్ లాగుతుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నా, దాన్ని చూసుకోనివ్వు" అంది. ఇద్దరం పక్కనే గొంతుక్కూర్చున్నాం. మల్లి ముక్కు మట్టికి తాకీ తాకనట్టుంది. ముక్కుపుటాలు చకచకా ఆడుతున్నాయి. ముక్కుకి అటూ ఇటూ సన్నని దుమ్ము లేస్తోంది. ముక్కు ముందున్న మట్టి మాత్రం కదలడం లేదు.

ఆ దుమ్ము వెనక గొప్ప ఏర్పాటుంది. కుక్క గాలిని ముందు నుంచి పీల్చి, ముక్కుపుటాల పక్కనున్న చీలికల్లోంచి వదులుతుంది. వదిలే గాలి వాసనను చెదరగొట్టదు, పైగా కొత్త గాలి లోపలికి రావడానికి సాయపడుతుంది. వాసన చూసేటప్పుడు సెకనుకు అయిదుసార్ల దాకా ఇలా పీల్చగలదు. వాసన పట్టే గ్రాహకాలు మనకు 50, 60 లక్షలుంటే, జాతిని బట్టి కుక్కకు 20 నుంచి 30 కోట్ల దాకా ఉంటాయని అంచనా. నోటి పైభాగంలో ఇతర జంతువుల రసాయన సంకేతాలను పట్టే అవయవం మరొకటి ఉంది.

ఈ ముక్కుకి జరిగిపోయిన కాలం కూడా అందుతుంది. మనిషి నడిచిన దారిలో అయిదు అడుగుజాడలు వాసన చూస్తే చాలు, ఆ మనిషి ఎటు వెళ్లాడో శిక్షణ పొందిన కుక్క చెప్పగలదని 2005లో వెలువడిన పరిశోధన తేల్చింది. మొదటి జాడకూ అయిదో జాడకూ మధ్య వాసనలో వచ్చే ఆ కాస్త తేడాయే దానికి ఆధారం. పుట్ట దగ్గర రాత్రి ఏ జంతువు ఆగింది, పొద్దున ఏ మేకలమంద దాటింది, నిన్నటి వాన ఎంత లోతుకు ఇంకింది... అనంతగిరిలో మల్లి చూసిన దృశ్యం అదే. లోయకేసి చూస్తూ మనం ఎంత పరవశించామో, ఆ పుట్టమన్ను ముందు అదీ అంతే పరవశించింది.

వాసన చూడనిస్తే దాని మనసుకూ మంచిదే. చార్లెట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే పరిశోధకులు 2019లో ఈ సంగతి ప్రచురించారు. కొన్ని కుక్కలతో రెండు వారాలపాటు వాసనతో వెతికే ఆటలు ఆడించారు, మరికొన్నిటికి యజమాని పక్కనే క్రమశిక్షణగా నడవడం నేర్పించారు. తర్వాత, తిండి ఉందో లేదో తెలియని గిన్నెను ముందుంచితే, వాసన ఆటలాడినవి ఆశగా, త్వరగా దాని దగ్గరికి వెళ్లాయి. ముక్కుకు పని దొరికిన కుక్క లోకాన్ని నమ్మకంగా చూస్తుందన్నమాట.

బ్యాగు సర్దగానే మొదలు

మన ప్రయాణం కారు కదిలాక మొదలైతే దానిది బ్యాగు అలమారలోంచి దిగగానే మొదలవుతుంది. ఏ బూట్లు తీస్తే ఆఫీసు, ఏవి తీస్తే షికారు అన్నది దానికి కంఠతా వచ్చు. ఆ ఉత్సాహం కారులో కాస్త తగ్గుతుంది. లోచెవిలో తూకం చూసుకునే భాగం ఇంకా కుదురుకోని కూనలకు కడుపులో తిప్పడం, చొంగ కారడం మామూలే. మనకు 20,000 హెర్ట్జ్ దాకా వినబడితే దానికి 45,000 దాకా వినబడుతుంది. మనకు హుషారెక్కించే పాట వెనక సీట్లో ఉన్న దానికి చెవుల మీద బరువు. కిటికీలోంచి తల బయటపెట్టడం దానికెంత ఇష్టమైనా, దుమ్మూ చిన్న రాళ్లూ కళ్లకు తగలకుండా అద్దం సగానికి పైగా మూసి ఉంచడమే మేలు.

రైలయితే ఫస్ట్ ఏసీలోనో ఫస్ట్ క్లాసులోనో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మన పేరనే ఉండాలి. లేదంటే అది గార్డు బోగీలోని డాగ్ బాక్సులో వెళ్లాలి. ఆ ఇనుప పెట్టెలో చీకట్లో, చక్రాల మోతలో, మన వాసన అందకుండా రాత్రంతా గడపడం దానికి ఎలా ఉంటుందో టికెట్ తీసేముందే ఆలోచించాలి.

అడుగున్నర ఎత్తులో ఎండ

మన ముఖానికి తగిలే గాలి వేరు, నేలకు అడుగున్నర ఎత్తులో ఉండే గాలి వేరు. మే నెల మధ్యాహ్నం తారురోడ్డు వేడి 60 డిగ్రీలకు చేరుతుంది. మన కాళ్లకు చెప్పులున్నాయి, దానికి వట్టి పాదాలే. దానికి చెమట పట్టేది దాదాపు పాదాల అడుగున మాత్రమే. ఒంటి వేడిని రొప్పుతూ, నాలుక మీది తడితోనే దించుకోవాలి. పొట్టి ముక్కు పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లకు అదీ కష్టమే.

పైగా అది ఆగదు. మనం నడుస్తున్నంతసేపూ, ఒళ్లు కాలుతున్నా వెంట వస్తుంది. ఈ నమ్మకమే దానికి ప్రమాదం. విపరీతంగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు ముదురు ఎరుపెక్కి, అడుగులు తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోసి, గాలి విసరాలి. ఆ తర్వాత ఆలస్యం లేకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

అది ఇంకొకరి చోటు

దారిలో టీకొట్టు దగ్గర కారాపగానే వీధికుక్కలు చుట్టుముడతాయి. వాటి వైపు నుంచి చూస్తే, తమ హద్దులోకి కొత్తవాసన ఒకటి దిగింది. కేకలేసి రాళ్లు విసిరితే మన కుక్కకు భయం, వాటికి కోపం పెరుగుతాయి. లీష్ చేతిలో ఉంచుకుని, మెల్లగా పక్కకు నడిపిస్తే చాలు.

అడవికీ హద్దులున్నాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు, వాటిలో కొన్నిటికి కుక్కల్లో తరచూ కనిపించే కెనైన్ డిస్టెంపర్ వైరస్ సోకినట్టు తేలింది. మన కుక్క ఎంత ముద్దొచ్చినా నల్లమల పులుల అడవి దానికి షికారు చోటు కాదు. లీష్ విప్పి పరిగెత్తించాలనుకునే హైదరాబాదీలకు కొండాపూర్‌లో 1.3 ఎకరాల్లో 2018లో తెరిచిన డాగ్ పార్కు ఉంది.

బయల్దేరే ముందు...

• రేబిస్, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ టీకాలు సరిచూసుకోండి. టీకా కార్డు వెంట ఉంచుకోండి.
• కారెక్కడానికి కొన్ని గంటల ముందే తిండి పెట్టండి.
• అరచేతి వెనకభాగం నేలకు ఆనించండి. అయిదు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాన్ని నడిపించవద్దు.
• ఆపిన కారులో కాసేపైనా వదలొద్దు. పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీలు పెరుగుతుంది.
• ఉల్లి పకోడీ, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ దానికి విషంతో సమానం. ఉడికిన బిర్యానీ ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయి.
• సముద్రం దగ్గర మంచినీళ్లు తరచూ పట్టండి. ఉప్పునీళ్లు తాగితే వాంతులవుతాయి.
• ఇంటికొచ్చాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో వెతకండి. పిడుదులు, పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు దొరికేది అక్కడే.

దాని మాట ఎవరు చెప్పాలి?

నన్నయ భారతం ఆదిపర్వంలో సరమ అనే దేవలోకపు కుక్క కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్నచోట ఆడుకోవడానికి వెళ్లిన దాని బిడ్డను రాజు తమ్ముళ్లు కొట్టారు. సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డనెందుకు కొట్టారని నిలదీసింది. కుక్క వైపున నిలబడి ఆలోచించడం మన సాహిత్యానికి వెయ్యేళ్లనాటి అలవాటు.

మన ఇళ్లలోని కుక్కలకు అలా అడిగే సరమ లేదు. తలుపు గడియ అవి తీసుకోలేవు, ఎండగా ఉందని అనలేవు, ఇంకాసేపు ఉందామని బతిమాలలేవు. అపార్టుమెంటులో బతికే కుక్కకు పదీ పన్నెండేళ్ల జీవితంలో మట్టి, నీరు, గడ్డి దక్కేది మనం తీసుకెళ్లిన రోజునే. ఆ రోజు దానిది కూడా అయి ఉండాలి. కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు సగం సమయం దానికి వదిలేయండి. ఎటు తిరగాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో అదే తేల్చుకుంటుంది. లీష్ వదులుగా పట్టుకుని వెనక నడవడమే అప్పుడు మన పని.