అర సెకండు ఆలస్యం

"ఒకటి" అని ఒకసారి పైకి అనండి. ఆ మాట పలకటానికి మీకు సుమారు అర సెకండు పట్టి ఉంటుంది. ఇంత కొద్ది కాలాన్ని మనం లెక్కలోకి తీసుకోము. కాని 2024 మార్చి నెలలో ఒక ఇంజనీరు సరిగా ఇంత ఆలస్యాన్నే పట్టించుకున్నాడు. ఆయన పట్టించుకోకుండా వదిలేసి ఉంటే, ప్రపంచంలో ఎన్నో కంప్యూటర్లకు దొంగతాళం చెవి ఒకటి తయారై ఉండేది. ఆ కథ తెలుసుకోవాలంటే ముందుగా రెండు మూడు సంగతులు తెలియాలి.

లెక్క, జవాబు

కంప్యూటరు దానంతట అది ఏ పనీ చేయలేదు. మీరు మీట నొక్కితే తెరమీద అక్షరం కనిపించాలన్నా, రాసింది భద్రంగా దాచాలన్నా, ఒకేసారి నాలుగు పనులు జరగాలన్నా వాటన్నిటినీ నడిపించే పెద్ద ప్రోగ్రాము ఒకటి ఉండాలి. దానినే ఆపరేటింగ్ సిస్టం అంటారు.

ప్రోగ్రామును మనుషులు చదువుకోగలిగే రూపంలో రాస్తారు. అది సోర్స్ కోడు. యంత్రానికి అందించేముందు దానిని ఒట్టి అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలను చూసి లోపల ఏముందో తెలుసుకోవటం చాలా కష్టం. పరీక్షలో మీరు లెక్క చేసిన విధానం రాయకుండా జవాబు మాత్రమే రాస్తే మాస్టారు ఏమంటారు? "ఇది ఎలా వచ్చింది?" అని అడుగుతారు. సోర్స్ కోడు లేని ప్రోగ్రాము అటువంటిదే. జవాబు ఉంటుంది, విధానం కనిపించదు.

అందరూ చూడగల యంత్రం

ప్రోగ్రామును వాడుకునే ప్రతివారికీ దానిని చదివే, మార్చే, ఇతరులకు పంచే హక్కు ఉండాలని అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ భావించాడు. అలాంటి ఆపరేటింగ్ సిస్టం తయారు చేస్తామంటూ 1983లో "గ్నూ" అనే పథకాన్ని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ళ లినస్ టోర్వాల్డ్స్, ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ వంటి "కెర్నెల్" అనే భాగాన్ని రాసి అందరికీ ఇచ్చాడు. అదే లినక్స్. ఈ రెండూ కలిసి పూర్తి వ్యవస్థ అయింది.

ఇవాళ లినక్స్ లేని చోటు అరుదు. ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచంలో అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా వేస్తే, 2017 నవంబరు నుంచి ఆ 500 కూడా లినక్స్ మీదనే నడుస్తున్నాయి.

ఇంత పెద్ద వ్యవస్థను ఒకే కంపెనీ తయారు చేయటం లేదు. వేలాది చిన్న ప్రోగ్రాములను వేరువేరు మనుషులు, వేరువేరు దేశాలలో రాస్తారు. వారిలో జీతానికి చేసేవారూ ఉన్నారు, తీరిక వేళల్లో ఉచితంగా చేసేవారూ ఉన్నారు. ఎవరైనా ఒక దిద్దుబాటు రాసి పంపవచ్చు. ఆ ప్రోగ్రాము బాధ్యత చూసే వ్యక్తి దానిని పరిశీలించి, బాగుంటే చేర్చుకుంటాడు. డెబియన్, ఫెడోరా వంటి బృందాలు ఈ ప్రోగ్రాములన్నిటినీ ఒకచోట చేర్చి మనకు అందిస్తాయి. కొత్తగా వచ్చినదానిని ముందు ప్రయోగాత్మకమైన కూర్పులో పెట్టి చాలాకాలం పరీక్షిస్తారు. ఆ తరువాతనే అందరూ వాడే స్థిరమైన కూర్పులోకి తీసుకుంటారు.

చిన్న పనిముట్టు

అలాంటి చిన్న ప్రోగ్రాములలో "ఎక్స్‌జెడ్" ఒకటి. పెద్ద ఫైలును చిన్నది చేయటం దాని పని. ఎలాగంటారా? "కకకకకకకక" అని ఎనిమిదిసార్లు రాయటానికి బదులు "8క" అని రాసి చూడండి. ఎనిమిది అక్షరాల చోట రెండే గుర్తులు సరిపోయాయి. సమాచారం ఏమీ పోలేదు. ఎక్స్‌జెడ్ వాడే పద్ధతి ఇంతకంటే ఎంతో చిక్కైనది కాని, మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని క్లుప్తంగా చెప్పటమే అందులోని కీలకం.

ఈ ప్రోగ్రామును ఫిన్లాండుకు చెందిన లాసె కొల్లిన్ ఏళ్ళ తరబడి జీతం లేకుండా, దాదాపు ఒంటరిగా చూసుకుంటూ వచ్చాడు. లక్షలాది కంప్యూటర్లలో అది ఉంది. చూసుకునేది మాత్రం ఒక్క మనిషి!

2021 చివరలో "జియా టాన్" అనే పేరుతో ఒకరు దిద్దుబాట్లు పంపటం మొదలుపెట్టారు. అవి మంచి దిద్దుబాట్లే. మరికొన్ని పేర్లతో, "పని ఆలస్యమవుతోంది, మరొకరికి బాధ్యత ఇవ్వండి" అంటూ కొల్లిన్‌ను తొందరపెట్టే ఉత్తరాలు కూడా వచ్చాయి. క్రమంగా జియా టాన్‌కు ప్రోగ్రాము బాధ్యతలో వాటా దక్కింది. 2024 ఫిబ్రవరి 24న 5.6.0 అనే కొత్త కూర్పు వెలువడింది. అందులోనే విషం ఉంది.

అందరికీ కనిపించే సోర్స్ కోడులో దానిని ఎలా దాచారు? ప్రోగ్రామును పరీక్షించటానికి కొన్ని నమూనా ఫైళ్ళు ఉంటాయి. వాటిలో అర్థంలేని అంకెలే ఉంటాయి కనుక ఎవరూ చదవరు. దొంగకోడును ముక్కలుచేసి అక్కడ దాచారు. దానిని బయటకు తీసే చిన్న మీట వంటి కోడును, అందరూ చూసే చోట పెట్టనేలేదు. పంపిణీకి తయారుచేసిన కట్టలో మాత్రమే చేర్చారు. విధానం ఒకచోట రాసి, జవాబు పత్రంలో ఒక అంకె మార్చినట్లన్నమాట.

అర సెకండు ఎక్కడికి పోయింది?

ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్టులో ఇంజనీరు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు ప్రోగ్రాము తయారీలో పనిచేస్తాడు. డెబియన్ ప్రయోగాత్మక కూర్పు ఉన్న కంప్యూటరుపై ఆయన కాలాన్ని కొలిచే పరీక్షలు చేస్తున్నాడు. అందుకు కంప్యూటరు వేరే పనేమీ లేకుండా నిశ్శబ్దంగా ఉండాలి. కాని దూరం నుంచి కంప్యూటరులోకి ప్రవేశించటానికి వాడే "ఎస్ఎస్‌హెచ్" అనే ప్రోగ్రాము అకారణంగా శ్రమపడుతోంది. కొలిచి చూశాడు. మునుపు 0.3 సెకండు పట్టే పనికి ఇప్పుడు 0.8 సెకండు పడుతోంది.

అర సెకండే గదా అనుకోకండి. సెకండుకు 300 కోట్ల టిక్కులు కొట్టే ప్రాసెసరుకు అర సెకండు అంటే 150 కోట్ల టిక్కులు. అంత పని ఎవరు చేస్తున్నారు?

వెతికితే, ఆ కాలమంతా ఎక్స్‌జెడ్‌కు చెందిన భాగంలో ఖర్చవుతోంది. తలుపు దగ్గర కాపలావాడికి ఫైలు కుదించే పనితో సంబంధమేమిటి? కొన్ని బృందాల కూర్పులలో ఎస్ఎస్‌హెచ్ తన సౌకర్యం కోసం "సిస్టమ్‌డీ" అనే మరొక ప్రోగ్రామును అప్పట్లో పిలిచేది. అది ఎక్స్‌జెడ్‌ను వెంటబెట్టుకొని వచ్చేది. దొంగకోడు ఆ దారినే కాపలావాడి పక్కకు చేరింది. ఒక రహస్యమైన తాళంచెవి ఉన్నవారు పాస్‌వర్డు లేకుండానే దూరం నుంచి ఆ కంప్యూటరుకు ఆజ్ఞలు ఇవ్వగలగాలన్నది దాని ఉద్దేశం.

సోర్స్ కోడు అందుబాటులో ఉండబట్టి ఫ్రాయిండ్ గొలుసు చివరిదాకా వెళ్ళగలిగాడు. 2024 మార్చి 29న తాను కనుగొన్నది అందరికీ ప్రకటించాడు. అదేరోజు డెబియన్, ఫెడోరా మొదలైన బృందాలు హెచ్చరికలు చేశాయి. పాత కూర్పుకు వెనక్కి వెళ్ళాయి. దొంగకోడు అప్పటికి ప్రయోగాత్మక కూర్పులలోకే చేరింది. వాటి స్థిరమైన కూర్పులలోకి రాలేదు. దానిని తొలగించిన 5.6.2 కూర్పును కొల్లిన్ మే 29న విడుదల చేశాడు. జియా టాన్ పేరు వెనుక ఉన్నదెవరో మాత్రం బయటపడలేదు.

కిటికీ ఉంటే చాలదు

"అందరూ చూడగల ప్రోగ్రాము కనుక అందులో మోసం ఉండదు" అని కొందరు అనేవారు. "ఎవరు పడితే వారు చేయి పెట్టే ప్రోగ్రామును నమ్మలేము" అని మరికొందరు అనేవారు. ఈ సంఘటన రెండు మాటలనూ సరిదిద్దింది. సోర్స్ కోడు తెరిచి ఉండటం గోడకు కిటికీ పెట్టటం వంటిది. కిటికీ ఉంటే లోపలకు చూడవచ్చు. కాని ఎవరో ఒకరు వచ్చి చూడాలి. ఐదు వారాలపాటు కిటికీ తెరిచే ఉంది, ఎవరికీ ఏమీ కనిపించలేదు. కిటికీయే లేకపోతే మాత్రం, అనుమానం వచ్చిన తరువాత కూడా ఫ్రాయిండ్ తలుపు బయటే నిలబడి ఉండేవాడు.

ఇందులో మరొక సంగతి కూడా ఉంది. లక్షలమంది ఆధారపడే పనిని ఒక్కరి భుజాల మీద వదిలేస్తే, అలసిన ఆ మనిషికి సాయం చేస్తానంటూ వచ్చేవారిలో దొంగ కూడా ఉండవచ్చు. ముందుగానే నలుగురు సాయానికి వచ్చి ఉంటే జియా టాన్‌కు చోటు దొరికేది కాదు.

ఈసారి మీరు ప్రయోగశాలలో లోలకం డోలనకాలం కొలిచేటప్పుడు ఒక కొలత మిగిలినవాటితో కలవలేదనుకోండి. పక్కవారి పుస్తకం చూసి దిద్దేయకండి. అది మీ పొరపాటు కావచ్చు, గడియారం లోపం కావచ్చు, దారం జారి ఉండవచ్చు. ఏదైనా సరే, కారణం దొరికేదాకా వెతకండి.