శెనక్కాయ కళ్లానికి గచ్చు వేయిస్తున్నారా?

కాయ కళ్లంలో ఉన్నప్పుడు ఒక్క రాత్రి జల్లు పడితే ఏమవుతుందో అనంతపురం రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లే కురిసే ఈ సీమలో, ఆ కాస్త వానా ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. పచ్చికాయ మట్టినేల మీద తడిస్తే బూజు పడుతుంది, అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. చేలో బెట్ట తగిలినప్పుడే ఆ బూజు మొదలై ఉంటే గచ్చు ఏమీ చేయలేదు గానీ, కళ్లంలో పెరగకుండా మాత్రం ఆపవచ్చు.

అందుకని ఇంటి ముందు సిమెంటు కళ్లం వేయించుకునేవారు ఉన్నారు. కొన్ని రెండేళ్లకే పగిలి, పైపొర పొడిగా రాలి, కాయతో పాటు మూటలోకి ఎక్కుతాయి. తప్పు చాలావరకు సిమెంటుది కాదు, వేసిన పద్ధతిది.

20 అడుగుల పొడవు, అంతే వెడల్పు, 4 అంగుళాల మందం గచ్చుకు ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర చొప్పున అయితే సుమారు 24 బస్తాలు పడతాయి. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో అయితే 30 దాకా. ఎండకూ రాపిడికీ ఈ రెండోదే నిలుస్తుంది. డబ్బు చాలకపోతే కళ్లం చిన్నది చేసుకోండి గానీ సిమెంటు తగ్గించకండి. లోడు ట్రాక్టరు ఎక్కాలంటే మందం 6 అంగుళాలు ఉండాలి. తట్టల లెక్క నమ్మొద్దు. 50 కిలోల బస్తా 35 లీటర్ల పరిమాణం. ఆ కొలతకు చెక్కపెట్టె చేయించి ఇసుక, కంకర దాంతోనే పోయించండి.

అసలు కిటుకు నీళ్లలో ఉంది. బస్తాకు 30 లీటర్లు మించకూడదు, ఇసుకలోని తడి కూడా ఇందులోకే వస్తుంది. పల్చగా ఉంటే లాగడం సులువని బేల్దారి ఇంకో బకెట్ పోయమంటాడు. పోశారా, పైపొర రాలేది అక్కడే. బోరునీళ్లు ఉప్పగా ఉంటే కమ్మీ లేని గచ్చుకు కొంతవరకు ఫర్వాలేదు, కమ్మీ ఉన్న పనికి వాడొద్దు.

ఎర్రనేలలో పైమట్టి తీసి, గరుసు పోసి, తడిపి దిమ్మిస అడిస్తే చాలు. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడిలో మాత్రం కనీసం అడుగు తవ్వి గరుసు నింపాలి. రేగడి ఎండితే కుంగుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, గచ్చును ఎత్తిపడేస్తుంది. మొత్తం ఒకే పలకగా పోయకుండా 10 అడుగుల గళ్లుగా విడదీసి, ఎదురుగళ్లు ముందు, మిగిలినవి తర్వాత పోయించండి. పగులు వస్తే ఆ సందులోనే వస్తుంది. నీరు జారేందుకు 20 అడుగులకు 4 అంగుళాల వాలు ఇవ్వాలి.

ఇక పైపని. గచ్చు మీద తేలిన నీరు ఇంకకముందే పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దడం మన దగ్గర అలవాటు. ఆ పొర పెంకులా ఊడిపోతుంది. నీరు ఇంకేదాకా ఆగి, చెక్కతో రుద్ది, ఆ తర్వాతే ఇనుప తాపీతో సాపు చేయించండి. కాయ ఊడ్చుకోవడానికి నునుపు పనికొస్తుంది. పశువుల కొట్టానికి, స్నానాల దగ్గరకు అదే నునుపు ప్రమాదం. అక్కడ చీపురుతో గీతలు లాగించండి. ఎర్రకావి గచ్చు ఇంట్లోకి బాగుంటుంది, కళ్లానికి అనవసరపు ఖర్చు.

తడి పెట్టడం దగ్గరే మన కరువు అడ్డొస్తుంది. మామూలు సిమెంటుకు 7 రోజులు, బస్తా మీద పీపీసీ అని ఉంటే 10 రోజులు తడి ఆరకూడదు. మన ఎండకు 10, 14 అనుకోండి. గట్టు కట్టి అంగుళం నీళ్లు నిలపాలంటే ఈ కళ్లానికి ఒక్కసారికే 900 లీటర్లు దాటుతాయి. ట్యాంకరు కొనే ఊళ్లో అదెక్కడి మాట? గోనెసంచులు తడిపి పరిచి, పైన పాలిథిన్ పట్ట కప్పి, అంచుల్లో మట్టి వేయండి. రోజూ పట్ట ఎత్తి చూసి, ఆరినచోట చల్లితే చాలు. సాయంత్రం పూట పోయించండి. 28 రోజులు బరువు ఎక్కించకండి.

ఒక్క జాగ్రత్త. విత్తనానికి ఉంచుకునే కాయను, ముఖ్యంగా వేసవి పంటను, మిట్టమధ్యాహ్నం ఈ గచ్చు మీద ఆరబోయకండి. కాలిన గచ్చు మీద మొలక దెబ్బతింటుంది. ఆ కాయకు చెట్టునీడో, కొట్టం పంచో చూడండి.