లెబెల్ రైఫిల్: ఆయుధాన్ని చారిత్రక ఆధారంగా చదవడం

ఈ విభాగం చదివిన తరువాత మీరు లెబెల్ రైఫిల్ చారిత్రక ప్రాముఖ్యాన్ని వివరించగలుగుతారు. సేకరణకర్తలు దానికి ఎందుకు విలువ ఇస్తారో చెప్పగలుగుతారు.

నేపథ్యం

పాత తుపాకిమందుతో కొద్దిసేపు కాల్పులు జరిపితే చాలు, పొగ కమ్ముకొని శత్రువు కనబడడు. కాల్చిన సైనికుడి జాడ మాత్రం ఆ పొగే చెబుతుంది. 1884లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పాల్ వియెయ్ నైట్రోసెల్యులోజ్ నుంచి దాదాపు పొగరాని మందును తయారుచేశాడు. అదే బరువున్న పాత మందు కంటే దీని శక్తి సుమారు 3 రెట్లు. అందువల్ల గుండు చిన్నదైనా వేగం పెరిగింది. అంతకుముందున్న గ్రా రైఫిల్ గొట్టం లోపలి కొలత 11 మి.మీ. కాగా, లెబెల్‌ది 8 మి.మీ. మాత్రమే.

తొందర, దాని ఫలితం

ఈ ఆధిక్యం ఇతర దేశాలకు అందకముందే కొత్త రైఫిల్ కావాలని 1886లో యుద్ధమంత్రి జనరల్ బూలాంజే తొందరపెట్టాడు. అంతా కొత్తగా రూపొందించే వ్యవధి లేదు. గ్రా తూటానే సన్నబరిచారు. గొట్టం కింద 8 తూటాలు ఒకదాని వెనుక ఒకటి నిలిచే పాత తరహా మ్యాగజైన్‌ను అమర్చారు. ఈ ఏర్పాటులో ప్రతి గుండు మొన ముందున్న తూటా అడుగుకు, అంటే నిప్పు రగిల్చే భాగానికి, తగులుతుంది. ప్రమాదం రాకుండా గుండు మొనను చదునుగా చేశారు. ఈ గుండు రూపకల్పనలో పాల్గొన్న లెఫ్టినెంట్ కర్నల్ నికొలా లెబెల్ పేరే రైఫిల్‌కు స్థిరపడింది. మూలకారణమైన మందును కనిపెట్టిన వియెయ్ పేరు మరుగున పడింది.

జర్మనీ 1888లోనే తన పొగరాని మందు రైఫిల్‌ను తెచ్చింది. తరువాత వచ్చిన 1898 నాటి మౌజర్‌లో 5 తూటాలను క్లిప్‌తో ఒక్కసారిగా నింపవచ్చు. లెబెల్‌లో ఒక్కొక్కటే నింపాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచ్ సైనికుడు ఈ లోపంతోనే పోరాడవలసి వచ్చింది. ముందుగా వచ్చిన ఆయుధమే ముందుగా పాతబడింది.

సేకరణకర్తల ఆసక్తి

లెబెల్ రైఫిళ్లు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. కనుక రైఫిల్ దొరకడమే విశేషం కాదు, అది ఏ స్థితిలో దొరికిందన్నది ముఖ్యం. ఈ కింది అంశాలను గమనించండి:

1. కర్మాగారం పేరు: షాతెల్రో, సెంట్ ఎతియెన్, ట్యూల్.
2. ‘ఎం 93’ గుర్తు: 1893లో చేసిన మార్పులను సూచిస్తుంది. ఈ మార్పులు జరగని రైఫిళ్లు అరుదు.
3. ‘ఎన్’ గుర్తు: 1932 నాటి కొత్త తూటాకు అనువుగా మార్చారని అర్థం.
4. గొట్టం మీద, చెక్క మడమ మీద ఉన్న వరుస సంఖ్యలు: ఇవి కలిస్తే భాగాలు మారలేదని భావించవచ్చు. మరమ్మతుల్లో చాలా రైఫిళ్ల భాగాలు మారిపోయాయి.

కొందరు పాత రైఫిల్‌ను సానపట్టి కొత్తదానిలా మెరిపిస్తారు. అలా చేస్తే ఈ గుర్తులు అరిగిపోతాయి, వాటితోపాటు ఆధారమూ పోతుంది. శాసనాన్ని చెక్కి నునుపు చేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

లెబెల్ రైఫిల్‌లోని ఏ లోపాలకు తొందరపాటు కారణమైంది? రెండు ఉదాహరణలతో వివరించండి.